తాలిపేరు రేవులో చింతగింజల లెక్క

మా పడవ మామ పోయిన కబురు ఒకే పొద్దున నాకు నాలుగు భాషల్లో అందింది. ముందుగా ఎడ్ల మీద ఉప్పు వేసుకుని ఊళ్లు తిరిగే వ్యాపారి ఒకడు ఆవపల్లిలో నా బడి ముందు ఆగి హల్బీలో చెప్పాడు. ఊళ్లు తిరిగేవాళ్ల నోట ఎన్నో కబుర్లు పుడుతుంటాయని నేను పట్టించుకోలేదు. కాసేపటికి ఉసిరికాయల తట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న ముసలామె గోండీలో చెప్పింది. బావి దగ్గర దొర్ల తెగవాళ్లు తమ మాటలో చెప్పుకుంటుంటే మూడోసారి విన్నాను. పిల్లల్ని అన్నానికి వదిలే వేళకు మామ పెద్దకూతురు బాసగూడ నుంచి నడిచి వచ్చి, బడి అరుగు మీద కూర్చుంది. "బావా, అయ్య పోయిండు. నిన్న పొద్దుగాల పడవ కడుగుతా కడుగుతానే ఒరిగిండు" అంది. అప్పుడు నమ్మాను. నమ్మి, ఆమె పక్కన కూర్చుని పిల్లలు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. తాలిపేరు ఏరు దాటించే బెస్త. ఆయన్ని ఒకసారి మామా అని పిలిచాను, ఆ రోజు నుంచి ఆయన కూతుళ్లిద్దరూ నన్ను బావను చేసి ఆటపట్టిస్తూ వచ్చారు. పత్రికలో ఒక పడవవాడి గురించి ఇన్ని పేజీలెందుకు అని చదివేవాళ్లు అనుకోవచ్చు. వ్యాకరణం మీద నేను రాసిన వ్యాసాలు ఎవరైనా చదివి ఉంటే, అందులో పనికొచ్చే ముక్క ఏదైనా కనపడి ఉంటే, అది ఆయన పడవలో నేర్చుకున్నదే. పనికిరానివన్నీ నా సొంతం.

పడవ అంటే గోదావరి మీద తెరచాప ఎత్తుకుని పోయేదాన్ని ఊహించుకోకండి. రెండు దోనెలు పక్కపక్కన పెట్టి, వెదుళ్లతో అడ్డంగా బిగించి, పైన తడక పరిచింది. వెనక కొసన గడ పట్టుకుని ఆయన నిలబడేవాడు. ఆ కొసనే మూడు సొరబుర్రలు తాళ్లతో వేలాడేవి. మనిషి పడవలో కాలు పెడితే మొదటి బుర్రలో ఒక చింతగింజ వేసేవాడు. మేకో, ఆవో ఎక్కితే రెండోదాంట్లో గులకరాయి. మూటో, తట్టో ఎక్కితే మూడోదాంట్లో ఒక పుల్ల. అవతలి ఒడ్డున దిగేటప్పుడు మళ్లీ ఒక్కొక్కటే తీసేవాడు. మూడు బుర్రలూ తలకిందులు చేసి దులిపి, ఏమీ రాలకపోతేనే పడవను వెనక్కి తిప్పేవాడు.

ఎండాకాలంలో ఏరు మోకాలి లోతు ఉన్నప్పుడు కూడా ఈ తతంగం మానేవాడు కాదు. ముసలివాళ్లో, సామాన్లున్నవాళ్లో నలుగురు ఎక్కితే చాలు, గింజలు మొదలు. "ఇప్పుడు కూడా ఎందుకు మామా, పడినా మోకాళ్లు తడవడమేగా" అంటే, "అలవాటు తప్పితే వానకాలం నాటికి చెయ్యి మర్చిపోతది" అనేవాడు. ఎవరైనా తొందరపెడితే గడ తీసి తడక మీద అడ్డంగా పడేసి, ఆకుచుట్ట వెలిగించుకుని కూర్చునేవాడు. ఆ చుట్ట అయిపోయేదాకా పడవ కదిలేది కాదు. తొందరపెట్టినవాడే చివరికి బతిమాలుకోవాల్సి వచ్చేది. ఆయన కోపం ముక్కు మీదే ఉండేది. నా కోపమూ అక్కడే ఉంటుంది కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

నాకు ఒక పిచ్చి ఉంది. సంఖ్యకూ, లెక్కపెట్టే వస్తువుకూ నడుమ మనుషులు ఏ మాట పెడతారో ఏరుకోవడం. తెలుగులో మూడు మేకలు అంటాం. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మూడు అనబుద్ధి కాదు, ముగ్గురు అంటాం. పది ఆవులు అంటాం, మనుషులైతే పదిమంది. ఆ మంది అనేది అక్కడ ఎందుకు వచ్చి కూర్చుందని చిన్నప్పుడు మా పంతులుగారిని అడిగితే చెవి మెలిపెట్టారు. హల్బీ మాట్లాడేవాళ్లు మనుషులైతే సంఖ్య తర్వాత ఝన్ అంటారు, వస్తువులైతే ఠన్ అంటారు. గోండీలో మగవాళ్లను ఎంచడానికి ఒక తీరు. ఆడవాళ్లనూ మేకల్నీ ఎంచడానికి మరో తీరు, ఆ రెంటికీ ఒకటే. కట్టెలైతే మోపులు, గడ్డి అయితే కట్టలు, బియ్యమైతే మానికలు. ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ ముప్ఫై ఏళ్లకు పైబడిన పెద్దమనిషి తిరుగుతుంటే, సంతలో ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

మామ నవ్వేవాడు కాదు. బుక్కులో రాసింది చదివి వినిపించమనేవాడు. ఆయనకు అక్షరం రాదు, చెవి మాత్రం మహా చురుకు. ఒకసారి "రెండు మానికల బియ్యం, బియ్యం రెండు మానికలు, రెండూ ఒకటే" అని నేను చదివితే గడ ఆపాడు.

"ఒకటెట్లయితయ్ పంతులూ? బియ్యం రెండు మానికలు తెమ్మని నీ పెండ్లాం చెప్తది. అప్పటికి ఇంట్ల బియ్యం లెవ్వు. తెచ్చి ముందర పోసినంక, రెండు మానికల బియ్యం ఎన్నాళ్లొస్తయని అడుగుతది. ముందుగాల ఏది పలుకుతరంటే, యాది మర్వద్దనుకున్నది పలుకుతరు."

అది అన్ని చోట్లా నిలబడే సూత్రమని నేను వాదించను. కానీ ఆ తర్వాత ఏడాది పాటు ఆవపల్లి సంతలో చెవి ఒగ్గి విన్నాను. అడిగేటప్పుడు సరుకు పేరు ముందూ, చేతిలోకి వచ్చాక సంఖ్య ముందూ పెట్టినవాళ్లే ఎక్కువ మంది కనపడ్డారు. ఈ సంగతి వ్యాసంలో రాసి పంపితే, కోస్తా నుంచి ఒక పండితుడు ఇది ఏ గ్రంథంలో ఉందని ఉత్తరం రాశాడు. బాసగూడ రేవులో ఉంది, వచ్చి చూసుకోండి అని జవాబు రాశాను. ఆయన రాలేదు.

ఒకసారి రంగూన్‌లో పదేళ్లు తాపీపని చేసి తిరిగొచ్చిన ఒక మేస్త్రీ పడవ ఎక్కాడు. బర్మావాళ్లు ఎట్లా ఎంచుతారని అడిగాను. అక్కడ ముందు వస్తువు పేరు, తర్వాత సంఖ్య, ఆ తర్వాత అది ఎలాంటిదో చెప్పే మాట పెట్టాలట. మనుషులకొకటి, పశువులకొకటి, గుండ్రటివాటికొకటి, పలచటివాటికి ఇంకొకటి. ఆ మాట పెట్టకపోతే లెక్క కుదిరినట్టే కాదట. మామకు ఈ సంగతి ఎంత నచ్చిందంటే మేస్త్రీని ఆ ఒడ్డున దిగనివ్వకుండా మళ్లీ ఈ ఒడ్డుకు తెచ్చాడు. చివరికి మేస్త్రీ, సన్యాసులకు, పెద్దవాళ్లకు కూడా వేరే మాట ఉందని చెప్పాడు.

"పెద్దోళ్లకు యేరే మాటనా?" అన్నాడు మామ, మొహం ముడిచి. "గది మంచిగలేదు. నా కాడ దొరకైనా ఒకటే గింజ."

దొరల సంగతి సరే, దేవుళ్ల మాట చెప్తాను. ఒక జాతరకు, నేను రేవులో కూర్చుని ఉండగా, కొండ మీది వాళ్లు తమ ఆంగాను మోసుకొచ్చారు. ఆంగా అంటే దుంగలు జతచేసి కట్టి, నెమలి ఈకలు కుచ్చిన దేవుడు. భుజాల మీద మోసేవాళ్లు నలుగురు, పూజారి ఒకడు. మామ ఆరు గింజలు వేశాడు. పూజారి చూసి, దేవుడికి గింజ వేస్తావా, ఆయన ఎవరి లెక్కకూ అందడని కోప్పడ్డాడు. మామ గడ కిందపెట్టి దండం పెట్టాడు. "మంచిది. గింజ తీసేస్త. మరి దిగేటప్పుడు ఆయన్ని దింపిన్నో లేదో నాకెట్ల తెలుస్తది? నా పడవల్నే ఉండిపోతే మీరు ఊరికి పోయి ఏం చెప్పుకుంటరు?" పూజారి దేవుడి వంక ఓసారి చూసి, గింజ ఉండనిమ్మన్నాడు.

ఇంకోసారి, నేను ఒడ్డు నుంచి చూస్తుండగా, ఒక గోండు ఆడమనిషి మూడు మేకలతో ఎక్కింది. మామ ఒక గింజ, మూడు రాళ్లు వేస్తుంటే, "మా మాటల మమ్మల్ని మేకలతోనే కలిపి ఎంచుతరు, నీకెందుకు ఈ కష్టం" అని నవ్వింది. మామ కూడా నవ్వుతూనే, "మేకకు ఈత వచ్చు, నీకు రాదు. నిన్ను రాళ్లల్ల కలిపితే మునిగేది నువ్వే" అన్నాడు. ఆమె నవ్వు ఆపి, ఆ బుర్రలోకి తొంగి చూసింది. తన గింజ ఏదో చూపించమని అడిగింది కూడా.

ఇదంతా చదివి, నేను ఆయన దగ్గరికి భాషలు నేర్చుకోవడానికి చేరాననుకునేరు. కాదు. ఆయన్ని నేను మొదటిసారి చూసిన రోజున ఒక తప్పు చేశాను. అది చెప్పకుండా ఈ నాలుగు మంచి ముక్కలు రాసి ఊరుకుంటే ఆయన ఆత్మ నన్ను ఏట్లో తోస్తుంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. భద్రాచలం వైపు నుంచి వచ్చి సంస్థానంలో మున్షీగా కొత్తగా చేరాను. దౌరా అని ఊరూరా తిరిగే ఒక దొర వెంట కాగితాలు పట్టుకుని తిరగడం నా కొలువు. దొర డేరా, మంచం, కుర్చీలు, వంటసామాను మోయడానికి దారిలోని ఊళ్ల నుంచి మనుషుల్ని వెట్టికి పట్టేవారు. ఒక మజిలీ దాకా వీళ్లు, అక్కడి నుంచి కొత్తవాళ్లు. హాజరు పట్టీలో వాళ్ల పేర్లు ఉండేవి కావు. ఎన్ని కావళ్లో రాసుకునేవాళ్లం. మనిషి, భుజం మీద బద్ద, రెండు వైపులా తట్టలు, మొత్తం కలిపి ఒక కావడి. "ఈ పూటకు పన్నెండు కావళ్లు దొరికినయ్, రేపటికి ఇంకో రెండు కావాలి" అనుకునేవాళ్లం. నా ముందరి మున్షీ అట్లాగే రాశాడు, నేనూ అట్లాగే రాశాను. అందులో తప్పుందని ఒక్కనాడూ తోచలేదు.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం తాలిపేరు రేవుకు వచ్చాం. పైన ఎక్కడో గట్టి వాన పడినట్టుంది, ఏరు ఎర్రగా, వెడల్పుగా పారుతోంది. మొదటి దఫాలో దొర, బంట్రోతు, ఆరు కావళ్లు దాటారు. రెండో దఫాలో మిగిలిన ఆరు కావళ్లతో నేను ఎక్కాను. ఆ ఆరుగురూ ఆ పొద్దున ఆరు ఊళ్ల నుంచి పట్టుకొచ్చినవాళ్లు, ఒకరికొకరు తెలియదు. పడవ కదలగానే వాన అందుకుంది. అందరం గొంగళ్లు, తాటాకు గిడుగులు నెత్తి మీదికి లాక్కుని తలలు వంచుకున్నాం. నడి ఏట్లో సగం మునిగిన మద్దిచెట్టు ఒకటి ఉంది. పాయ మమ్మల్ని అటు లాగింది. కొమ్మలు పడవను రాసుకుపోతుంటే "వంగుండ్రి" అని పడవవాడు అరిచాడు. వంగాం. ఎవరో రెండో గడ పట్టుకుని చెట్టును నెట్టడం గిడుగు సందులోంచి కనపడింది. పడవ తప్పుకుంది. వాన హోరులో మరేమీ వినపడలేదు.

ఒడ్డు చేరగానే సామాన్లు కిందికి దించారు. నేను గిడుగు కిందే నిలబడి తట్టల జతలు ఎంచాను. ఆరు. పట్టీలో గీత పెట్టి, దొర నిలబడ్డ పాకవైపు నాలుగు అడుగులు వేశాను.

"మున్షీ, ఆగు. ఒక గింజ మిగిలింది" అని పడవవాడు వెనక నుంచి పిలిచాడు.

గింజేమిటో నాకు తెలియదు. "మిగిలితే పారెయ్" అన్నాను.

"ఎవలో దిగలే."

"ఆరు కావళ్లు ఎక్కినయ్, ఆరూ దిగినయ్. లెక్క సరిపోయింది, చూసుకో."

"పుల్లలు సరిపోయినయ్" అన్నాడు ఆయన. "కావళ్లు ఆరు. మనుషులు అయిదుగురు."

వెనక్కి తిరిగి చూశాను. ఆరో కావడి తడిసిన ఇసుక మీద ఒక్కటే ఉంది. దాని పక్కన ఎవరూ లేరు. ఇంతలో పాకలోంచి బంట్రోతు వచ్చి సంగతి విని, "పారిపోయుంటడు. వీళ్ల సంగతి తెల్వదా" అన్నాడు. వెట్టికి పట్టినవాళ్లు దారిలో పారిపోవడం మాకు రోజూ ఉన్నదే. నిజం చెప్తున్నాను, నాకూ అదే తోచింది. తోచి, మనసు తేలికపడింది కూడా.

పడవవాడు ఆ గింజను రెండు వేళ్ల మధ్య పట్టుకుని మా ఇద్దరికీ చూపించాడు. "పారిపోయెటోడు ఆ ఒడ్డున పారిపోతడు. నా పడవల కాలు పెట్టినంకనే ఇది బుర్రల పడ్డది. నడి ఏట్ల యాడికి పారిపోతడు?"

బంట్రోతు మాట మార్చాడు. డేరా వేసేదాకా ఎవరూ కదలొద్దని దొరగారి హుకుం అన్నాడు.

"మీ హుకుం ఒడ్డు మీద నడుస్తది. నీళ్ల మీద నడ్వది" అని పడవవాడు గొడ్డలి తీసి, ఒక దోనెను విడదీసేందుకు, రెంటినీ బిగించిన వెదుళ్ల కట్లు తెంపడం మొదలుపెట్టాడు. తెంపుతూనే నన్ను అడిగాడు, "మున్షీ, ఆ మనిషి పేరేంది?"

"తెలియదు."

"ఊరు?"

పట్టీ విప్పి చూశాను. చూసేందుకు అందులో ఏముంది? మిగిలిన అయిదుగురినీ అడిగాడు. వాళ్లకూ తెలియదు. వెనక నిలబడ్డ పడుచోడు, పడవ చెట్టుకు తగులుతుంటే గడ అందుకున్నాడు, అంతవరకే చూశామన్నారు.

"పేరు తెల్వకుంట ఏమని పిలవాలె?" అన్నాడు పడవవాడు. ఆ మాట కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అన్నాడు, అందుకే అది ఈనాటికీ నా ఒంట్లో ముల్లులా ఉంది.

కావడి మోసినవాళ్లలో ఇద్దరు పిలవకుండానే దోనెలోకి దిగారు. నేనూ కాలు పెట్టబోతే, "ఈత వచ్చా?" అని అడిగాడు. రాదన్నాను. "అయితే నువ్వు నాకు బరువు. ఒడ్డున ఉండి తాడు పట్టు" అన్నాడు. అడ్డతీగ నారతో పేనిన తాడు ఒక కొస దోనెకు కట్టి, రెండో కొస మొద్దుకు రెండు చుట్లు చుట్టించి నా చేతికి ఇచ్చాడు. మిగిలిన ముగ్గురూ నా వెనక తాడు పట్టుకున్నారు. మొదటి దఫాలో దాటినవాళ్లు కూడా పాక కింద నుంచి ఒక్కొక్కరే వచ్చి చేతులు వేశారు. బంట్రోతు హుకుం సంగతి మళ్లీ ఎత్తలేదు.

దోనె చెట్టువైపు పోతుంటే ఆయన "దాదా! ఓ దాదా!" అని అరుస్తున్నాడు. అన్నా అనే ఆ మాటైతే గోండుకూ, దొర్లకూ, హల్బీవాడికీ అందరికీ అర్థమవుతుంది. అరిచి ఆగేవాడు, వినేవాడు, మళ్లీ అరిచేవాడు. నా అరచేతులు చీరుకుపోతున్నాయి. జవాబు రావాలి, రావాలి అని లోపల అనుకుంటున్నాను. రాకపోతే ఆ మనిషిని చంపింది ఏరు కాదని నాకు తెలుసు. నాలుగోసారో అయిదోసారో చెట్టులోంచి ఒక మూలుగు వినిపించింది. రెండు కొమ్మల పంగలో, మెడ దాకా నీళ్లలో, ఒక చేత్తో పట్టుకుని వేలాడుతున్నాడట. రెండో చెయ్యి విరిగిపోయింది. ఇంకాసేపైతే పట్టు వదిలేసేవాణ్నని అతనే తర్వాత చెప్పాడు.

అతన్ని ఒడ్డుకు తెచ్చి దింపారు. మామ దోనెలోంచి చూస్తూ ఉన్నాడు. అతని పాదం ఇసుకకు ఆనిన తర్వాతే మొలలో దోపుకున్న గింజను తీసి గింజల సంచిలో వేసుకున్నాడు. అప్పుడు పక్కన కూర్చుని, "నీ పేరేంది తమ్మీ?" అని అడిగాడు.

"జోగా" అన్నాడతను.

ఆ సాయంత్రం హాజరు పట్టీలో పన్నెండు మంది పేర్లూ అడిగి రాశాను. దొర వాటి మీద అడ్డగీత కొట్టి, పన్నెండు కావళ్లు అని రాయమన్నాడు. మర్నాటి మజిలీలోనూ నేను పేర్లే రాశాను. అట్లా ఎన్నాళ్లు సాగుతుంది? ఆ కొలువు నాకు అచ్చిరాలేదు. చలికాలం వెళ్లేలోపే ఊడింది. ఆవపల్లి చిన్నబడిలో పంతులు పని ఖాళీగా ఉంటే అందులో కుదురుకున్నాను. సంఖ్యకూ మనిషికీ నడుమ ఏ మాట పెడుతున్నామో చూసుకోవాలన్న పిచ్చి నాకు ఆ ఇసుక మీద పట్టింది, ఏ గ్రంథం చదివీ కాదు.

బడి కుదిరాక మొదటిసారి ఏరు దాటడానికి పోయినప్పుడు ఆయన నన్ను గుర్తుపట్టడేమో అనుకున్నాను. పట్టాడు. గింజల బుర్ర తీసి నా మెడలో వేశాడు. "ఇయ్యాల్టి సంది నువ్వు ఎక్కిన దఫాల నువ్వే ఎంచాలె" అన్నాడు. ఇరవై అయిదేళ్లుగా ఎప్పుడు ఎక్కినా అదే. నాకు పెళ్లయిన కొత్తలో నా భార్యను తీసుకుని పోతే, ఆమె ముందే ఆ బుర్ర మెడలో పడింది. మీ ఆయన చదువుకున్నది ఇందుకా అని ఆమె రోజంతా నవ్వింది. ఒకసారి మాటల్లో పడి గింజ వేయడం మర్చిపోయాను. అందర్నీ మళ్లీ ఒడ్డుకు దింపి, మొదటి నుంచి ఎక్కించాడు. వాళ్లంతా నన్ను తిట్టుకున్నారు. "లెక్క తప్పితే మళ్లా ఎంచొచ్చు. మనిషి తప్పితే మళ్లా యాడ ఎంచుతవ్?" అన్నాడు, అందరూ వినేట్టు.

ఈ రెండేళ్లుగా ఆయనకు చూపు మందగించింది. పడవ ఒరిగే తీరును బట్టి ఎక్కింది మనిషో పశువో చెప్పేవాడు. పెద్దకూతురే గడ వేసేది, ఆయన కూర్చుని గింజలు వేసేవాడు. వినాయక చవితికి నేను పోయినప్పుడు, "పంతులూ, నీ బుక్కు నిండిందా?" అని అడిగాడు. ఇంకా చాలా భాషలున్నాయి మామా, ఈ జన్మకు నిండదన్నాను. "నిండకపోతే మంచిదే. నిండితే నువ్విటు రావు" అన్నాడు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అది.

కూతురి వెంట నేను బాసగూడ చేరేసరికి ఏటి ఒడ్డున బూడిద చల్లారింది. జోగా అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు అతనికి యాభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. విరిగిన చెయ్యి వంకరగా అతుక్కుంది. ఏటా కొత్త వడ్లు రాగానే ఒక తట్ట తెచ్చి మామ ఇంట్లో పెట్టి పోయేవాడు. ఆ రోజు వట్టి చేతులతో వచ్చాడు. కూతురితో, "మామకు రాయి నిలబెట్టాలె" అన్నాడు.

"మా దాంట్ల రాయి ఆచారం లేదు గదా" అంది ఆమె.

"మీ దాంట్ల లేదక్కా. మా దాంట్ల ఉన్నది."

కొండ మీద వాళ్ల ఊళ్లో పోయినవాళ్లకు ఒక్కో రాయి నిలువుగా పాతుతారు. పాతేది తమ గోత్రం వాళ్లకే. బెస్తవాడికి రాయి ఎట్లా పెడతావని ఊరి పెద్దలు అడ్డుచెప్పారు. ముసలి పెద్ద ఒకడైతే, ఇవాళ పడవవాడంటావు, రేపు ఉప్పు వ్యాపారి అంటావు, మనవాళ్లెవరో పైవాళ్లెవరో ఎట్లా తెలియాలి అని గట్టిగానే పట్టుబట్టాడు. రెండు పూటలు పంచాయితీ నడిచిందట. జోగా పెద్దగా మాట్లాడే మనిషి కాదు. రెండో పూట లేచి ఇంటికి పోయి, భార్యను, ముగ్గురు కొడుకుల్ని, ఇద్దరు కూతుళ్లను, కోడలిని, చంకలో మనవణ్ని తీసుకొచ్చి పెద్దల ముందు నిలబెట్టాడు. "వీళ్లు మనోళ్లేనా?" అని అడిగాడు. మనవాళ్లేనన్నారు. "ఆనాడు నన్ను చెట్టుకే ఇడిచిపెడితే వీళ్లల్ల ఎవలుంటుండ్రి?" అన్నాడు. ముసలి పెద్ద, రాయి ఎక్కడి నుంచి తెస్తావని అడిగాడు.

పోయిన వారం రాయి నిలబెట్టారు. కబురు వస్తే నేనూ, మామ కూతుళ్లిద్దరూ కొండ ఎక్కి పోయాం. ఏటి గట్టు నుంచి ఎంచుకున్న రాయి, ఛాతీ ఎత్తు ఉంటుంది. దాన్ని బలమైన వాసానికి వేలాడదీసి జోగా కొడుకులు, అల్లుడు మోసుకొచ్చారు. జోగా పక్కన నడుస్తూ, ఎగుడుదిగుళ్ల దగ్గర వంకర చేత్తోనే పట్టుకున్నాడు. గుంట తీసి, రాయి దింపి, చుట్టూ మట్టి కూరి కాళ్లతో తొక్కారు. రాతి మొదలు దగ్గర ఆకుదొప్పలో బియ్యం, విప్పసారా పెట్టారు. ఎండ ఇంకా ఉంది. రాళ్ల వరుస అంతా నాచుపట్టి నల్లగా ఉంది, చివర కొత్తది ఒక్కటే ఏటి మట్టి రంగులో మెరుస్తోంది. మామ చిన్నకూతురు దాన్ని తాకి, "మా అయ్య గింతకన్న పొడుగుండె" అని కళ్లు తుడుచుకుంది.

అందరూ దిగిపోయాక జోగా నన్ను ఆ వరుస వెంట నడిపించాడు. "ఇది మా తాత. ఇది మా అయ్య. ఇది మామ" అని ఒక్కో రాతినీ అరచేత్తో తడుతూ చూపించాడు. మామ రాతికి ఇవతల ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అక్కడ మొలిచిన చిన్న తుప్పను పీకి అవతల పారేసి, "ఈ జాగా నాది" అన్నాడు. కొండెక్కి అలిసిపోయినట్టున్నాడు. ఆ జాగాలోనే కూర్చుని, వంకర చేతిని మామ మీద ఆనించి, ఆకుచుట్ట వెలిగించుకున్నాడు.